రైతు మొఖానికి సన్‌స్క్రీన్

రెండువేల ఇరవై మూడు. శివరాత్రి దాటింది, గద్వాలల ఎండలు ముదురుతున్నయి. పాత బస్టాండుకు పోయే తొవ్వల నాది మూడు కుర్చీల జెంట్స్ సెలూన్. మా నాయిన పెట్టె సంకకు తగిలిచ్చుకొని ఊరూరు తిరిగి గడ్డాలు గీసినోడు. నేను హైదరాబాదుల ఒక పెద్ద పార్లర్ల కొన్నేండ్లు పనిచేసి, ఫేషియల్ పని నేర్చుకొని వచ్చి ఇక్కడ దుకాణం పెట్టిన. కటింగు, షేవింగు ఎవరన్న చేస్తరు. మొగోని మొఖానికి పద్ధతిగ పని చేసేటోళ్లు మా దిక్కు తక్కువ. ఆ కుర్చీల కూసునేది గుడ ఎక్కువ పెండ్లికొడుకులే. యాభై దాటిన రైతు వచ్చి "నా మొఖం చూడు" అన్నది నేను తిమ్మప్పన్న దగ్గరనే విన్న.

మిట్టమధ్యాహ్నం దుకాణంల ఎవరు లేనప్పుడు వచ్చిండు. మొదలు గడ్డం చేయమన్నడు. చేసిన. బ్లేడు కడుగుతుంటే గుడ లేస్తలేడు.

"తమ్మీ, మొఖం మీద వయసు తగ్గిస్తరట గద మీరు?"

"తగ్గియ్యనీకె నేను దేవుణ్ణా అన్నా? ఉన్నదాన్ని సక్కగ పెడ్త, గంతే."

"సక్కగనే పెట్టు. నాకు యాభై నాలుగు. ఈ మొఖం డెబ్బై అని చెప్తది."

ఎందుకన్నా ఇప్పుడు అంటే తువ్వాల తోని గడ్డం తుడుచుకున్నడు. తర్వాత మెల్లగ చెప్పిండు. ఇటిక్యాల మండలంల ఒక ఊరు ఆయనది. ఐదెకరాల చేను. సీడుపత్తి పెడ్తడు, అంటే విత్తనం కోసం చేసే పత్తి. ఒక్కొక్క పువ్వుకు చేతితోని పుప్పొడి రుద్దాలె, పొద్దంత ఎండలనే పని. పెండ్లాం పోయి ఆరేండ్లాయె. పిల్లలు కాలే. అయిజల ఒక సంబంధం ఉన్నదని చుట్టాలు చెప్పిండ్రట. ఆమె పేరు మహాదేవి, మొగడు చచ్చిపోయిండు, జాకెట్లు కుట్టుకుంట అన్న దగ్గర ఉంటది, నలభై దాటినయి. ఆ అన్న మాత్రం ముందే ఒక మాట అన్నడట, ముసలోనికైతే ఇయ్య అని.

"వయసు దాయను తమ్మీ. యాభై నాలుగే చెప్త. మొఖం గుడ యాభై నాలుగే చెప్పాలె. గంతే నేనడిగేది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్న. మంచి లెక్కనే అనిపించింది.

తలకు చుట్టిన రుమాలు తీయమన్న. తీస్తే నొసలు మీద అడ్డంగ ఒక గీత. గీతకు పైన నున్నగ, తేటగ, ఒక్క ముడత లేదు. గీతకు కింద బెరడు లెక్క ఉంది. మా పనిల దీన్ని ట్యాన్ లైన్ అంటం, బట్ట కప్పిన జాగకు ఎండ తగిలిన జాగకు నడుమ పడే గీత. అద్దం ఆయన చేతికిచ్చిన.

"చూడన్నా. పైనున్నది నీదే, కిందున్నది నీదే. రెండు ఒక్కనాడే పుట్టినయి. పైన రుమాలున్నది, కింద లేదు. తేడా గదే."

అద్దంల మస్తు సేపు చూసుకున్నడు. "ఆరేండ్లాయె అద్దం సక్కగ చూడక" అన్నడు.

చదివేటోళ్లకు ఒక ముక్క చెప్పాలె. తోలు రెండు తీర్ల ముసలిదైతది. ఒకటి ఏండ్ల తోని, దాన్ని ఎవడు ఆపలేడు. రెండోదాన్ని మేము ఫొటో-ఏజింగ్ అంటం. ఫొటోలకు దానికి సంబంధం లేదు, ఎండ తోని వచ్చే ముసలితనం అది. మా పాలమూరు దిక్కు మొఖాల మీద ఏండ్ల పని తక్కువ, ఎండ పనే ఎక్కువ. ఎండను ఆపితే తోలు తనంతట తానే కొంత కోలుకుంటది. ఇంకో మాట, తెలుపు వేరు, తేట వేరు. తెల్లగ చేస్తమని ఎవడన్న ట్యూబ్ అంటగడితే తీసుకోవద్దు. మెడికల్ షాపుల డాక్టర్ చీటీ లేకుండ ఇచ్చే కొన్నిటి తోని మొఖం మొదలు మెరుస్తది, తర్వాత ఎర్రబడి పల్చబడ్తది, చివరికి దవాఖాన చుట్టు తిరగాలె. నిమ్మకాయ రుద్దుకొని ఎండకు పోయెటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది.

తిమ్మప్పన్న అప్పటిదాంక మొఖం దేనితోని కడుగుతుండెనో తెలుసా? బట్టల సబ్బు.

"బట్టల సబ్బా! అన్నా, నీది మొఖమా, ధోతియా?"

"మురికి పోతది గదనే."

"మురికి తోని పాటు మొఖం గుడ పోతది!"

పద్ధతి చెప్పిన. పొద్దుగాల ఫేస్‌వాష్ తోని మొఖం కడగాలె. తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలె, అది తోలుల తడిని పట్టి ఉంచే క్రీమ్. దాని మీద సన్‌స్క్రీన్, ఎండ తోలుల దిగకుండ అడ్డం నిలబడే క్రీమ్. మెడకు, చెవులకు గుడ రాయాలె, మొగోళ్లు చెవులు మర్చిపోతరు. చేన్ల ఉన్నప్పుడు చెమటకు పోతది, మళ్ల రాసుకోవాలె. రుమాలు కండ్ల దాంక దించి కట్టాలె. పండుకునేముందు కడిగి నైట్ క్రీమ్ రాయాలె. వారానికొకసారి నా దగ్గరికొస్తే డీ-ట్యాన్ వేస్త. ఎండకు నల్లబడ్డ పై పొరను కొంచెం కొంచెం తీసే లేపనం అది.

నూరు మందికి ఈ మాటలు చెప్తే పదిమంది గుడ సక్కగ చేయరు. నాలుగు రోజులు రాసి డబ్బా అటక మీద పడేస్తరు. తిమ్మప్పన్న మాత్రం సీడుపత్తికి మందు కొట్టినంత జాగర్తగ చేసిండు. ప్రతి బేస్తారం, అంటే గురువారం, గద్వాలకొస్తుండె. వస్తనే "ఈ చెంప చూడు, ఈడ జర మెత్తబడ్డది గద?" అని అడుగుతుండె. మొదట్ల సన్‌స్క్రీన్ సక్కగ రుద్దకుండ పూసుకొని ఊర్ల చాయ్ హోటల్‌కు పోయిండట. "ఏందిరో తిమ్మప్పా, ఏం వేషం కట్టినవ్?" అని అందరు ఒకటే నవ్వుడట. చెప్పి తానే నవ్విండు. నవ్వితే కండ్ల పక్కన ముడతలు పడ్తయి గద, వాటిని ఏం చేయాలె అని అడిగిండు. అవి ఉండనీ అన్నా అన్న.

కుర్చీల పండుకున్నంక మాటలు ఎల్లేటియి. మొదట్ల ఒకటి రెండు, తర్వాత ఆగకుండ.

"ఇంట్ల ఎవరితోని మాట్లాడ్తవన్నా?" అని ఒకసారి అడిగిన.

"ఎవరున్నరు? ఎద్దులున్నప్పుడు వాటితోనన్న మాట్లాడుతుంటి. అమ్మేస్తి. ఇప్పుడు ట్రాక్టర్ పెట్టి దున్నిస్త. ట్రాక్టర్‌తోని ఏం మాట్లాడ్త?"

పొద్దుగాల ఒక్కసారి అన్నం వండుకొని రెండు పూటల తింటడట. పండుగనాడు గుడ గంతే. ఊర్ల అందరు మంచోళ్లే, కనపడితే పలకరిస్తరు. తలుపు వేసుకున్నంక మాత్రం రేడియో ఒక్కటే దిక్కు. "మహాదేవి వస్తే నాకు వండిపెట్టాలని గాదు తమ్మీ. వంట నాకొస్తది. ఇంట్ల ఇంకో మనిషి దగ్గినా మంచిగనే ఉంటది" అన్నడు. ఆ రోజు నుంచి ఆయన పని నా సొంత పని లెక్క చేసిన.

సీడుపత్తి ఏరుడు అయిపోయింది గనక చేన్ల పని గుడ తక్కువే ఉండె. నీడపట్టున ఉండమన్న, ఉన్నడు. ఉగాది దాటేసరికి మొఖం మారింది. నొసలు మీద గీత దాదాపు కలిసిపోయింది. చెంపల గరుకు పోయింది, మెడ మీద నల్ల పొర పల్చబడ్డది. నాకు పట్టరాని సంతోషం. హైదరాబాదు పార్లర్ల గుడ ఇంత మంచిగ ఎవరికి చేయలే. అయిజకు పోయే దినం దగ్గరపడితే చేతుల పని, కాళ్ల పని గుడ పట్టుకున్న. గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి, పగుళ్లు రాయి తోని రుద్ది, గోర్లల్ల పత్తికాయ మరకలు తీసి, క్రీమ్ పట్టిచ్చిన. దీన్ని మానిక్యూర్, పెడిక్యూర్ అంటరు. "ఇవి నా చేతులేనా?" అన్నడు తిమ్మప్పన్న.

పోయే దినం పొద్దుగాలనే దుకాణం ముంగట నిలబడ్డడు. తెల్ల అంగి, తెల్ల ధోతి.

"నువ్వు గుడ రా తమ్మీ. నా వెంట వచ్చెటోళ్లు ఎవరున్నరు?"

దుకాణం బంద్ పెట్టి అయిజ బస్సెక్కిన.

మహాదేవి వాళ్ల అన్న మంచోడే. ఆయన గుడ సీడుపత్తి రైతు. వాకిట్ల మంచం వేసి కూసోబెట్టి చాయ్ తెప్పిచ్చిండు. మహాదేవి దర్వాజ దగ్గర నిలబడ్డది. బక్కపల్చటి మనిషి, నొసలు మీద బొట్టు జాగల చిన్న మచ్చ. సిగ్గుపడే వయసు గాదు, తిమ్మప్పన్నను సూటిగ చూసి తనే అడిగింది.

"వంటొస్తదా మీకు?"

"వస్తది. జొన్నరొట్టె గుడ చేస్త. గుండ్రంగ రాదు గానీ."

ఆమె నవ్వింది. నాకు లోపల లోపల పని అయిపోయిందనే అనిపించింది.

గప్పుడు వాళ్లన్న చేను ముచ్చట తీసిండు. ఎన్ని ఎకరాలు, ఏం పంట, బోరుల నీళ్లున్నయా, అన్ని అడిగిండు. తిమ్మప్పన్న అన్నిటికి సక్కగనే చెప్పిండు. ఆయన వింటున్నడు గానీ కండ్లు తిమ్మప్పన్న మొఖం మీదికెల్లి తిప్పుతలేడు.

"చేను కౌలుకిచ్చినవా?"

"లేదు, నేనే చేస్త."

"హౌదా?" అన్నడు. కన్నడ దిక్కు దగ్గర గద, అవునా అననీకె అక్కడ గట్లనే అంటరు. "నువ్వే చేస్తే మొఖం గింత తేటగెట్లున్నది? ఈ ఊర్ల ఏ రైతు మొఖమన్న గిట్లున్నదా చూడు. నా మొఖం చూడు."

తిమ్మప్పన్న రెండు చేతులు ముంగటికి చాపిండు, చూసుకో అన్నట్టు. వాళ్లన్న చేతులు పట్టుకొని తిప్పి చూసిండు. గోర్లు తెల్లగ, వేళ్లు మెత్తగ. అయ్యో, నేనెంత మంచిగ చేసిన్నో ఆ చేతులను! ఆ క్షణం నాకు భూమి నోరు తెరిస్తే బాగుండనిపించింది.

"ఆయనే చేస్తడన్నా, నాకెర్కనే" అన్న నేను.

"నువ్వెవరు?"

సెలూనోణ్ణి అంటే క్రీముల కథంత బయటికొస్తది. తిమ్మప్పన్న నా దిక్కు చూసిండు, చెప్పొద్దని ఆ కండ్లల్ల కనపడ్డది.

"దోస్తుని" అన్న.

వాళ్లన్న కోపం చేయలే. చాయ్ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగనే చెప్పిండు. "తప్పుగ అనుకోకు పెద్దమనిషి. మొదటాయన నీడపట్టు మనిషి. చేను కౌలుకిచ్చి పొద్దంత పేకాట. నా చెల్లె ఎండల కూలికి పోయి వాన్ని సాకింది. మళ్ల నీడకు కూసునేటోనికి ఇయ్య. వయసు నాకు అడ్డం గాదు, నిన్ను చూస్తే ముసలోని లెక్క గుడ లేవు. గానీ ఇది చేను చేసే మొఖం గాదు."

మహాదేవి లోపలికి పోయింది. మేము లేసినం.

బస్సెక్కినం. నేనే ఆగలేక అన్న, "క్రీమ్ రాసుకుంటున్ననని చెప్తే అయిపోవు గదన్నా!"

"ఎట్ల చెప్పాలె? మొగోణ్ణి. ఆమె ముంగట?"

ఆడోళ్లకు చెప్పుకోవడానికి ఒకరికొకరు ఉంటరు. మొగోడు మొఖానికి క్రీమ్ రాసుకున్నా దొంగతనం లెక్కనే దాచిపెట్టుకోవాలె. గద్వాల వచ్చేదాంక తిమ్మప్పన్న కిటికీల కెల్లి చేన్లు చూసుకుంట కూసున్నడు.

తర్వాత బేస్తారం రాలే. ఆ తర్వాతది గుడ రాలే. పరేషాన్ అయిన. ఫోన్ చేస్తే చేన్ల ఉన్న అని పెట్టేస్తుండె. ఎండకాలం చేన్ల ఏం పని అని నేను ఆలోచించలే. రోహిణి ఎండలు మండుతుండె, గిరాకీ పొద్దుగాల, పొద్దుమూకినంకనే ఉండె.

వానలు ఇంక మొదలు కాలే, ఒకనాడు దుకాణం తెరుస్తుంటే వచ్చిండు. నేను గుర్తుపట్టలే. రుమాలు లేదు. మొఖమంత కాలి నల్లగ మాడింది, ముక్కు మీద, చెంపల మీద పొరలు పొరలుగ లేసింది, పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. నొసలు గుడ గదే రంగు. గీత లేదు.

"ఏమైందన్నా? ఎక్కడన్న మంటల్ల పడ్డవా?"

"ఎండకు పని చేసిన."

"రుమాలేది?"

"కట్టలే."

నాకు అర్థమైంది, అయినంక ఒళ్లు మండింది. "నీకేమన్న మెంటలా? కావాలని ఎవడన్న మొఖం కాల్చుకుంటడా? రోహిణి ఎండల! వడదెబ్బ తగిలి చేన్ల పడిపోతే చూసెటోడు గుడ లేడు గదనే!" అని ఒకటే తిట్టిన. అన్నీ వినుకుంట కూసున్నడు. తిట్టుడు అయిపోయినంక చల్లటి నీళ్లల్ల బట్ట తడిపి మొఖం మీద పరిచిన. రుద్దొద్దు, ఒత్తొద్దు, గట్లనే ఉంచాలె. తర్వాత కలబంద గుజ్జు. పెదవుల పగుళ్లకు దవాఖానకు పొమ్మన్న, పోతనన్నడు.

బట్ట కింది నుంచే చెప్పుకుంట వచ్చిండు. అయిజ నుంచి వచ్చిన తెల్లారి కెల్లి చేన్ల రాళ్లు ఏరుడు, గట్లు పోసుడు. పొద్దుగాల చేన్ల దిగితే పొద్దుమూకే దాంక. క్రీమ్ ముట్టలే. మొఖం రైతు మొఖం అయ్యిందని తనకు అనిపిచ్చినంక, నిన్న ఒక్కడే అయిజకు పోయిండట.

"వాళ్లన్న నన్ను చూసి మస్తు ఖుషీ అయిండు తమ్మీ. భుజం మీద చెయ్యేసిండు. ఇదీ మొఖమంటే, గప్పుడే గిట్ల రాకపోతివి అన్నడు."

బట్టను కండ్ల మీదికి మడిచి చెంపలకు కలబంద రాస్తున్న నేను ఆగిన. "మరి?"

"పోయిన వారమే ఇచ్చేసిండ్రట. రాయచూరు దిక్కు. ఆయన గుడ రైతే అట. మంచోడట."

"ఆమె...?"

"లేదు, అప్పటికే పోయింది. కుట్టు మిషన్ గుడ తీస్కపోయింది. చాయ్ పోసిండ్రు, తాగి వచ్చిన."

దుకాణంల ఫ్యాన్ తిరుగుతుండె. ఏడుపొచ్చింది, నిజం చెప్పాలంటే. తిమ్మప్పన్న ఏడ్వలే. కండ్ల మీద బట్ట ఉండె గనక నాకైతే కనపడలే.

తోలు మాననీకె చాన రోజులు పట్టింది. కొన్ని మచ్చలు నిలిచిపోయినయి. కాలిన తోలుకు డీ-ట్యాన్ వేయొద్దు, ఫేషియల్ చేయొద్దు, ఊకె తడి, చల్లదనం, నీడ. మానినంక ఇగ రాడనుకున్న. ఎందుకొస్తడు? బేస్తారం నాడు వచ్చి బెంచీ మీద కూసున్నడు. సన్‌స్క్రీన్ అయిపోయిందన్నడు. అప్పటి కెల్లి ఇప్పటిదాంక తప్పలే, సీడుపత్తి పని మీదున్నప్పుడు గుడ పొద్దుమూకినంక వచ్చి పోతడు.

ఈ కేసు నాకు ఒకటి నేర్పింది. ఇప్పుడు నేను ఏ మొఖానికైనా డబ్బా మూత తీసేముందు ఒక మాట అడుగుత, ఈ మొఖం చూసేది ఎవరు అని. పెండ్లికొడుకు మొఖం కెమెరా చూస్తది, దానికొక పని. బ్యాంకుల కూసునేటోని మొఖం వచ్చెటోళ్లు చూస్తరు, దానికింకొకటి. రైతు మొఖాన్ని ఇంకో రైతు చూస్తడంటే, ముడతలు మెత్తబడి మంట తగ్గేదాంకనే చేయాలె, రంగు జోలికి పోవద్దు, చేతుల జోలికి అసలే పోవద్దు. వయసు పిల్లలు టక్కున జవాబు చెప్తరు. యాభై దాటినోళ్లు ఆలోచిస్తరు. కొందరు నవ్వి ఊరుకుంటరు. నేను ఒత్తిడి చేయ.

మొన్న బేస్తారం తిమ్మప్పన్నను గుడ అడిగిన. ఇగ సంబంధాలు చూస్తలేడు, అద్దం గుడ అడుగుతలేడు. నాకు జర చిరాకే లేసింది.

"ఇప్పుడు ఈ మొఖం చూసేది ఎవరన్నా? గింత దూరం బస్సెక్కి ఎందుకొస్తున్నవ్?"

కండ్లు మూసుకొనే ఉన్నడు. అడిగిందేందో అర్థం కానట్టు నొసలు ముడిచిండు.

"నువ్వు చూస్తున్నవ్ గద తమ్మీ" అన్నడు.

క్రీమ్ చేతులకు తీసుకొని చెంపలకు, నొసటికి, చెవుల దాంక మెల్లగ మసాజ్ చేసుకుంట పోయిన. ఎనక బెంచీ మీద గిరాకీ వచ్చి కూసొని గడియారం చూస్తుండె. కూసోనీ అనుకున్న.